మొహం చూపిస్తే చాలన్నారు

సింగపూరులో మేముండే బ్లాకు లిఫ్టులో తలుపు తెరిచే బటను ఇప్పటికీ కొత్తదానిలా నిగనిగలాడుతూ ఉంటుంది. మూసే బటను మీద మాత్రం గుర్తులు అరిగిపోయి ఏమీ కనిపించవు. ఎక్కిన ప్రతివాళ్ళూ దాన్నే నొక్కుతారు. ఒకసారి నొక్కి ఊరుకోరు, చంటిపిల్లాడి బుగ్గ దొరికినట్టు పొడుస్తూనే ఉంటారు. తలుపు మాత్రం తన తీరిక చూసుకుని తనే మూసుకుంటుంది. దీని గురించి, బ్లాకుల మంచిచెడ్డలు చూసే టౌన్ కౌన్సిల్‌కి రాద్దామని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. ఏమని రాయాలో తోచలేదు. లిఫ్టు బాగానే పనిచేస్తోంది. ఎక్కేవాళ్ళ సంగతి కౌన్సిల్ పరిధిలోకి రాదు.

మా ఆయన కూడా నొక్కుతారు. తాను నొక్కబట్టే లిఫ్టు కదులుతోందని ఆయన నమ్మకం. ఆఫీసు విషయంలోనూ ఆయనది ఇదే నమ్మకం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒంట్లో బాగాలేదని ఆయన సెలవు పెట్టినట్టు నాకు గుర్తు లేదు. జలుబొస్తే జలుబుతో వెళ్తారు, జ్వరమొస్తే బిళ్ళ మింగి వెళ్తారు. ఆయన జలుబు పక్కసీటుకి, అక్కణ్ణుంచి ఆ పక్కసీటుకి పాకి, ఆఫీసంతా ఊరేగి, కాస్త ఒళ్ళు చేసి మళ్ళీ మా ఇంటికే వచ్చేది. దీన్ని వాళ్ళు టీమ్ స్పిరిట్ అనేవారు. కోవిడ్ రోజుల్లో నేర్చుకున్న పాఠాలన్నీ మిగిలిపోయిన మాస్కుల డబ్బాతో పాటు స్టోర్ రూములోకి వెళ్ళిపోయాయి. డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు. పాఠాల సంగతి తెలియదు.

కిందటేడు ఒకరోజు పొద్దున్నే ఆయన బాత్రూములోకి వెళ్ళి ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక చూస్తే ఎడమవైపు చెవి కింద నుంచి దవడ దాకా వాచి ఉంది. కుడివైపు కూడా అదే దారిలో ఉంది. మా అమ్మాయి స్కూలు బ్యాగు తగిలించుకుంటూ ఒకసారి తేరిపార చూసి, "నాన్నా, యువర్ ఫేస్ లైక్ పావ్ లా," అని వెళ్ళిపోయింది. పావ్ అంటే ఇక్కడ ఆవిరి మీద ఉడికించే తెల్లటి బన్ను. చివరి 'లా' ఈ ఊరి ఇంగ్లీషుకి ఉన్న తోక, దానికి వేరే అర్థం లేదు. పోలిక బాగానే కుదిరింది. దానికి టీకాలన్నీ పడ్డాయి కాబట్టి నేను దాని గురించి కంగారు పడలేదు.

అప్పటికి మా అత్తగారు తణుకు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటె దించకుండానే, గవదబిళ్ళలని తేల్చేశారు.

"చిన్నప్పుడు మీ అన్నకీ అక్కకీ ఒకేసారి వచ్చాయిరా. నీకు రాలేదు. వీడు దేనికైనా ఆలస్యమేనని అప్పుడే అనుకున్నాను."

నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ వాడుకోరు. నేను కూడా గవదబిళ్ళలే అన్నాను. అత్తయ్యగారు ముందే చెప్పేశారు కాబట్టి నా మాట ప్రతిధ్వనిలా వినిపించింది. కింద క్లినిక్‌లో డాక్టరమ్మ తన కుర్చీని వెనక్కి జరుపుకుని మరీ చూసి అదే మాట చెప్పింది. ఇది ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటుంది, వారం రోజులు ఇల్లు కదలొద్దు అంటూ ఎమ్.సి. రాసిచ్చింది. ఎమ్.సి. అంటే ఈ ఊళ్ళో ఉద్యోగస్తులకు డాక్టరు ఇచ్చే సెలవు చీటీ. కొందరు దానికోసమే జబ్బుపడతారని అంటారు. మా ఆయన దాన్ని పోలీసులు ఇచ్చిన కాగితం పట్టుకున్నట్టు పట్టుకుని ఇంటికొచ్చారు.

ఆయన బెంగకి కారణం ఉంది. మర్నాడు ఆఫీసులో డెమో. గోదాముల్లో సరుకు ఎక్కడుందో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వాళ్ళు తయారుచేశారు. దాన్ని కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి క్లయింటు మనుషులు వస్తున్నారు. ఈ డెమో గురించి నెల రోజులుగా మా ఇంట్లో భోజనాల దగ్గర ఎంత మాట్లాడారంటే, అత్తయ్యగారు కూడా డెమో ఎప్పుడని క్యాలెండరు చూసేవారు, అదేదో ఏకాదశి అయినట్టు.

అసలు నా బెంగ వేరు. ఆయన పక్కసీట్లో శ్రీకాకుళం అబ్బాయి ఒకడు కూర్చుంటాడు. మా ఆయన్ని అన్నయ్యా అనీ నన్ను వదినా అనీ పిలుస్తాడు, పండగలకి మా ఇంట్లోనే తింటాడు. మూడు వారాల్లో వాడి పెళ్ళి. ఒకసారి ముహూర్తం పెట్టాక అమ్మాయి తాతగారు పోవడంతో ఆగిపోయింది. మైల తీరాక మళ్ళీ పెట్టిన ముహూర్తం ఇది. ఇది దాటితే మూఢం, ఆ తర్వాత శూన్యమాసం, ఆ తర్వాత అమ్మాయి తండ్రికి ఓపిక ఉంటుందో లేదో. గవదబిళ్ళలు అంటుకున్నాక బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంటే రేపు వాడికి తగిలితే సరిగ్గా తాళి కట్టే వేళకి దవడలు తయారవుతాయి. వాడికి చిన్నప్పుడు ఇవి రాలేదని వాడే ఒకసారి చెప్పాడు. అదృష్టం కొద్దీ కిందటి వారమంతా వాడు క్లయింటు గోదాములోనే పనిచేశాడు కాబట్టి మా ఆయన గాలి వాడికింకా తగల్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎదిగిన మగవాళ్ళకి గవదలొస్తే ఒక్కోసారి వాపు దవడల దగ్గర ఆగదు. పుస్తకాల్లో ఈ విషయాన్ని ఇంకొంచెం వివరంగా రాస్తారు. అత్తయ్యగారి ముందు నేను ఇంతవరకే చెప్పగలిగాను. మిగతాది ఆవిడే పూర్తిచేశారు, పుస్తకం కంటే స్పష్టంగా. మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

అక్కడే ఆయన బాసు ఫోన్ వచ్చింది. స్పీకరులో పెట్టారు కాబట్టి ఇంట్లో అందరం విన్నాం. బాసు మంచి మనిషి. ఇది నేను వెటకారానికి అనడం లేదు. ముత్తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆయన తెలుగు వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది, అందులో ఏకవచనం ఒక్కటే ఉంది, ఎందుకంటే నాయనమ్మ ఎవర్నీ మీరు అని ఎరగదట. మధ్యమధ్యలో తమిళం, మలయ్, ఇంగ్లీషు వాటి వాటా అవి తీసుకుంటాయి. ఆయన కూడా ఎన్నడూ సెలవు పెట్టడు. ఓసారి చెయ్యి విరిగితే కట్టుతోనే వచ్చి, ఎడమచేత్తో సంతకాలు పెట్టాడని ఆఫీసులో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

"అన్నా, హెల్త్ ఫస్ట్ లా. నువ్వు రెస్ట్ తీసుకో. మకాన్ అయ్యిందా? లిక్విడ్ సాపుడు," అన్నాడు. మకాన్ మలయ్‌లో భోజనం, సాపుడు తమిళంలో తినమనడం.

 ఆ మాటల వెనకాల రేపటి డెమో తయారవుతోందని అందరికీ తెలుస్తోంది. చివరికి ఆయనే మెల్లిగా మొదలుపెట్టాడు. క్లయింటు పాతకాలపు మనిషట. ఎదురుగా మనిషి కనిపించకపోతే నమ్మడట. మాట్లాడక్కర్లేదు, పనేమీ చెయ్యక్కర్లేదు, సగం పూటకి వచ్చి మొహం చూపిస్తే చాలట.

చూపించడానికి మొహం ఆ పూట మామూలు కంటే ఎక్కువే ఉంది.

"వేరే ఏమీ లేదు. ఇది అప్ టు యు లా," అని పెట్టేశాడు.

నా చిన్నప్పుడు మా అమ్మ, నాన్నతో 'మీ ఇష్టం' అని అనగానే ఇంట్లో అందరం పుస్తకాలు సర్దుకుని పక్కగదిలోకి పోయేవాళ్ళం. భాష మారినా ఆ మాట బరువు మారలేదు. రమ్మని గట్టిగా చెప్పి ఉంటే మా ఆయన రానని చెప్పేవారేమో. ఇష్టానికి వదిలేసరికి ఆయన చేతులు కట్టేసినట్టయింది. గంటలోపే ఆఫీసు తరఫున పళ్ళబుట్ట వచ్చింది, త్వరగా కోలుకోవాలని కార్డుతో సహా. ఎంత త్వరగానో కార్డులో రాయలేదు కానీ అర్థమైంది. బుట్ట నిండా నారింజలు. గవదలున్నప్పుడు పులుపు తగిలితే దవడల్లో సూదులు దించినట్టుంటుంది. వాటి వాసనకే మా ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాసు అభిమానానికి కరిగిపోయారనుకుని అత్తయ్యగారు ముచ్చటపడ్డారు.

నేను వాదించాను. మొహమే కావాలంటే ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూపించొచ్చు కదా అన్నాను. అలా కుదరదన్నారు. క్లయింటుకి వీడియో అంటే పడదన్నారు. తాను లేకపోతే వాళ్ళు అడిగేదానికి జవాబు చెప్పేవాళ్ళు ఉండరన్నారు. మాట్లాడక్కర్లేదన్నారుగా అంటే, మాట్లాడకపోయినా ఉండాలన్నారు. పక్కసీటు అబ్బాయి పెళ్ళి సంగతి ఎత్తాను. అక్కడ మాత్రం ఆయన తగ్గారు. వాడంటే ఆయనకి నిజంగానే ప్రేమ. చాలాసేపు ఆలోచించి, బాసుతో మళ్ళీ మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నారు. డెమో జరిగే పెద్దగది పక్కన గాజుగోడల చిన్నగది ఒకటుంది. మా ఆయన అందులో ఒక్కరే తలుపేసుకుని కూర్చుంటారు. క్లయింటు గాజులోంచి చూస్తారు. పెళ్ళికొడుకుని ఆ చిన్నగది దరిదాపుల్లోకి రానివ్వరు. ఆఫీసులో గగ్గోలు పుట్టకుండా, పన్ను పీకించుకున్నారని అందరికీ చెబుతారు.

చేపని తొట్టిలో పెట్టి చూపించినట్టన్నమాట. సూక్ష్మజీవుల శాస్త్రం ప్రకారం ఈ ఏర్పాటులో చాలా లోపాలున్నాయి. నేను కొన్ని చెప్పాను కూడా. ఎప్పటిలాగే ఎవరూ వాడుకోలేదు.

అత్తయ్యగారు ఇంకో షరతు పెట్టారు. వెళ్ళక తప్పదంటే ఒట్టి మెడతో వెళ్ళడానికి వీల్లేదన్నారు. గవదలకి మా వైపు మందు బంగారమే. వాపు తగ్గేదాకా మెడలో బంగారు గొలుసు ఉండాలి. ఆవిడ తన మెడలోని నాను తీశారు. నాను అంటే తాడులా పేనిన లావుపాటి గొలుసు, ఆవిడ పెళ్ళినాటిది. చొక్కా లోపలికి తోసేసుకుంటానని మా ఆయన అంటే ఆవిడ ఒప్పుకోలేదు. బంగారం వాపుకి తగులుతూ ఉండాలట. దారంతో ముడేసి పొట్టిచేసి, దవడ కిందికి వచ్చేలా సర్ది, ఇంటికొచ్చేదాకా తియ్యనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నారు. బంగారం వైరస్‌ని ఏం చేస్తుందని ఆవిడ నన్ను అడగలేదు. నేను చెప్పలేదు.

మర్నాడు నేనూ బయల్దేరాను. నా ఉద్యోగం ఇంటి నుంచి చేసేదే కాబట్టి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, ఫ్లాస్కులో జావ పోసుకుని, పిల్లాణ్ణి మొదటిరోజు బడిలో దింపడానికి వెళ్ళినట్టు వెళ్ళాను. ఆఫీసు మేముండే సెరంగూన్‌లోనే, మాకు రెండు బస్‌స్టాపుల దూరం. బస్సు ఎక్కనివ్వకుండా ఎండలో నడిపించాను. మాస్కు, దాని కింద వాపు, దాని కింద బంగారం. ఎదురుగా వస్తున్న ఓ చైనీస్ ఆంటీ ఆయన్ని చూసి, కొంచెం ఆలోచించి, తన సంచీని ఇంకో చేతిలోకి మార్చుకుంది. దొంగ అనుకుందో, దొంగలు వెంటపడే మనిషి అనుకుందో తెలియదు.

ఆయన్ని గాజుగదిలో పెట్టి తలుపేశాం. నేను బయట రిసెప్షన్ సోఫాలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి గది బాగా కనిపిస్తుంది. బాసు దూరం నుంచే వచ్చి చూసి బొటనవేలు ఎత్తాడు. మాతో ఆయన మొదటిమాట, "న్యూ చైన్ ఆ అన్నా? నైస్ లా." నాయనమ్మ ఆయనకి తెలుగు నేర్పింది కానీ ఈ మందు సంగతి చెప్పినట్టు లేదు.

క్లయింటు మనుషులు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన గాజులోంచి మా ఆయన్ని చూసి మర్యాదగా తల ఊపాడు. మా ఆయన కూడా ఊపారు, నెమ్మదిగా, నొప్పి పుట్టనంత మేరకు. బాసు ప్లాను ప్రకారం మొహం చూపించడం అయిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

పెళ్ళికొడుకు ఆ రోజు గోదాము నుంచి నేరుగా వచ్చాడు. నన్ను చూసి, "వదినా, మీరేటి ఇక్కడ?" అంటూనే జవాబు కోసం ఆగకుండా పెద్దగదిలోకి పరుగెత్తాడు. డెమో నడిపేది వాడే. సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేర్చిన భాగమంతా వాడు రాసిందే. ఈ ముక్క నెల రోజుల భోజనాల్లోనూ మా ఇంట్లో వినబడలేదు. ఇక బాసు చేసిన పొరపాటు చాలా చిన్నది. స్క్రీనుకి తగిలించే వైరు గాజుగదిలో ఉండిపోయింది. అబ్బాయిని దరిదాపుల్లోకి రానివ్వకూడదని ముందురోజు ఒప్పుకున్నవాడే, క్లయింటు ఎదురుగా నిలబడిన కంగారులో, వెళ్ళి పట్టుకురమ్మని వాణ్ణే పంపాడు.

వాడు నవ్వుతూ తలుపు తీశాడు. పన్ను పీకించుకున్న అన్నయ్యని పలకరించే ముఖమే అది. లోపలికి అడుగు పడబోతుండగా వాడి చూపు మెడ మీద పడింది.

గోదావరి నుంచి నాగావళి దాకా ఏ ఊరి బడిలో చదివినవాళ్ళకైనా ఆ దృశ్యం తెలుసు. మగపిల్లాడు మెడలో అమ్మ గొలుసుతో కనిపించాడంటే బెంచీ మీద మిగతావాళ్ళు చప్పుడు చెయ్యకుండా చివరికి జరిగిపోతారు. మేష్టారు కూడా ఆ రోజు వాణ్ణి దగ్గరికి పిలిచి లెక్క అడగరు. ఇంజినీరింగ్ చదివినా, సముద్రం దాటినా, ఆ చదువు పోదు. వాడు ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి తీసుకున్నాడు. తలుపుని పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపులా మెల్లిగా మూశాడు. లోపల మా ఆయన చెయ్యెత్తారు. రమ్మనో, వద్దనో, పలకరింపో ఆ చేతికే తెలియాలి.

వాడు నా దగ్గరికొచ్చి, కొంచెం ఎడంగా ఆగాడు.

"వదినా, అన్నయ్య మెడలో అదేటి?"

"నాను."

"ఎవరిది?"

"అత్తయ్యగారిది."

 పన్ను అని చెప్పమన్నారన్న సంగతి నాకు గుర్తుంది కానీ, వాడు పన్ను గురించి అడగలేదు కదా. బ్యాగు కూడా పెద్దగదిలోనే వదిలేసి మెట్ల వైపు వెళ్ళాడు. పరుగెత్తలేదు. పరుగెత్తకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నట్టు కనిపించాడు.

తర్వాతి సంగతులు గాజులోంచి మూకీగా చూశాను. బాసు వైరు కోసం ఎదురుచూశాడు. క్లయింటు గడియారం చూసుకున్నాడు. బాసు ఫోన్ చేశాడు, మెసేజ్ పెట్టాడు. జవాబొచ్చింది. దాన్ని నా దగ్గరికి తెచ్చి చూపించాడు. పెళ్ళి ఉంది సార్, అని మాత్రమే ఉంది. పెళ్ళి మూడు వారాల తర్వాత కదా, ఇప్పుడే వెళ్ళిపోయాడేంటని అడిగాడు పాపం. గొలుసు అర్థం ఆయనకి వివరించాను. విని ఆయన గాజుగోడ నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు, బల్ల మీదున్న శానిటైజరు చేతుల్లో పోసుకున్నాడు.

"ఇది మా నాయనమ్మ చెప్పలేదు లా," అన్నాడు.

ఇంకెక్కడి నుంచో వైరు తెప్పించి ఆయనే డెమో నడపబోయాడు. గోదాములో ఉండాల్సిన బియ్యం బస్తాలు సముద్రంలో ఉన్నట్టు చూపించింది స్క్రీను. జవాబు చెప్పమని, రెండు గదులకీ రిసెప్షన్‌కీ కలిపి ఉన్న మైకులో మా ఆయన్ని పిలిచారు. ఆయన చెప్పారు కూడా. రెండు బుగ్గల్లో చెరో లడ్డూ పెట్టుకుని మంత్రం చదివితే ఎలా ఉంటుందో అలా ఉంది. క్లయింటు పెద్దాయన ఎంతో ఓపిగ్గా విని, థాంక్యూ అన్నాడు. రేపు వీడియోలో చూపించినా తనకి అభ్యంతరం లేదన్నాడు. నిజానికి తనకి అదే హాయి అనీ, ఇంత దూరం రావడం తన మోకాళ్ళకి పడదనీ కూడా అన్నాడు.

ఆ ముక్క విన్నప్పుడు నేను మా ఆయన వైపు చూడలేదు. సంసారం అన్నాక కొన్ని చూడకూడదు.

మర్నాడు సెరంగూన్‌లోనే తన అద్దెగదిలో కూర్చుని ఆ అబ్బాయి డెమో నడిపాడు. బస్తాలు గోదాములోనే ఉన్నాయి. ఆ సమయానికి మా ఆయన అత్తయ్యగారి జావ తాగి, బంగారంతో సహా నిద్రపోతున్నారు. క్లయింటు కొనడానికి ఒప్పుకున్నాడు. సాయంత్రం బాసు నుంచి మెసేజ్ వచ్చింది, అంతా బాగా జరిగింది, రెస్ట్ తీసుకో అని. మా ఆయన దాన్ని చాలాసార్లు చదివారు. పైకీ కిందికీ జరిపి చూశారు. తన కోసం ఎవరైనా అడిగినట్టు ఎక్కడైనా రాసి ఉందేమోనని వెతుకుతున్నారని నాకు అనుమానం. ఆ తర్వాత ఫోను పక్కన పెట్టి, ఎంతో అన్యాయం జరిగినవాడిలా, ఇంకాస్త జావ అడిగారు.

అసలు కథ ఆ మూడు వారాలది. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడితే అంటుకునే అవకాశం చాలా తక్కువని నేను ఆ అబ్బాయికి చెప్పాను. చాలా తక్కువ అంటే ఎంత అని అడిగాడు. మా ఇంట్లో నా చదువుని అడిగిన మొదటి మనిషి వాడు, వాడు మా ఇంటివాడు కాదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే నా ఫోనుకి వాడి బుగ్గలొచ్చేవి. ఎడమ బుగ్గ ఒకటి, కుడి బుగ్గ ఒకటి, అనుమానం ఎక్కువైన రోజున ఎదుటి నుంచి ఇంకోటి. వదినా ఇది వాపా, లేకపోతే రాత్రి తిన్న పరాటాయా, అని కింద రాసేవాడు. వాడి తల్లి కూడా ఊరి నుంచి వీడియోలో రోజూ బుగ్గలు చూసేదట, కాకపోతే ఆవిడకి పెళ్ళికళ వచ్చిందేమో చూస్తున్నాననేది. కొడుకు ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు. కల్యాణ మండపానికి డబ్బు కట్టేశారు, వంటవాళ్ళు ఒప్పుకున్నారు, చుట్టాలు రైలు టికెట్లు తీసుకున్నారు. ఇవన్నీ ఓ చెవి కింది బిళ్ళ మీద ఆధారపడి ఉన్నాయని వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయనకి తెలుసు కానీ ఆయన ఆ విషయం ఎత్తేవారు కాదు. పొద్దున్నే కాఫీ కలుపుతూ నా ఫోను వైపు ఓరగా చూసేవారు. నేను బాగానే ఉన్నాయి అంటే ఏవి అని అడగకుండా తల ఊపి వెళ్ళిపోయేవారు.

విమానం ఎక్కేరోజు ఆఖరి బుగ్గలు వచ్చాయి. మామూలుగానే ఉన్నాయి. పెళ్ళి ముహూర్తానికే జరిగింది. ఫోటోల్లో కళ్యాణతిలకం, బుగ్గచుక్క, బుగ్గ, అన్నీ ఉండాల్సిన సైజులో ఉన్నాయి. వాటిని చూసి మా ఆయన ఆ రోజంతా ఈల వేస్తూ తిరిగారు.

కొత్త పెళ్ళికూతురు సింగపూరు వచ్చిన మొదటి ఆదివారమే ఇద్దర్నీ భోజనానికి పిలిచాం. అత్తయ్యగారు అప్పటికి ఊరెళ్ళిపోయారు. అమ్మాయి విజయనగరం పిల్ల, తక్కువ మాట్లాడే మనిషని ముందే చెప్పారు. అన్నం, పప్పు, వంకాయకూర, పులుసు దాకా నిజంగానే ఏమీ మాట్లాడలేదు. అడిగినదానికి తల ఊపింది, వడ్డించినది తింది. ఖాళీ దొరికింది కాబట్టి మా ఆయన గవదబిళ్ళల కథ అందుకున్నారు. ఆయన ఆ కథ బాగా చెబుతారు. తన మీద తానే జోకులు వేసుకుంటారు. కాకపోతే చెప్పగా చెప్పగా అందులో కొన్ని మార్పులొచ్చాయి. గాజుగది కొంచెం పెద్దదైంది. క్లయింటు ఆయన వైపే చూస్తూ కూర్చున్నాడు. డెమో ఒక దారానికి వేలాడింది, ఆ దారం రెండోకొన ఆయన చేతిలో ఉంది. ఒంట్లో ఎలా ఉన్నా వెళ్ళక తప్పని రోజులుంటాయమ్మా, నీకూ ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది అని ముగించారు. పెళ్ళికొడుకు పెరుగన్నంలోకి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

ఆ అమ్మాయి అంతా శ్రద్ధగా వింది. ఆవకాయ టెంకని కంచం అంచుకి జరిపి, తల ఎత్తి, మా ఆయన వైపు చూసింది.

"అన్నయ్యగారూ, మీరు ఇంట్లో పడుకున్న రోజే పని అయిందని ఈయన చెప్పారు. మరి ముందురోజు ఎందుకెళ్ళారు?"